మొలతాడు కింది మచ్చ

పదకొండు గంటల పది నిమిషాలకు బాలకిషన్ ఠాణా మెట్లు ఎక్కాడు. అరెస్టు చేసిన రజితను మేజిస్ట్రేటు ముందు పెట్టాల్సిన గడువు సాయంత్రం నాలుగున్నర. ఐదు గంటల ఇరవై నిమిషాలు ఉంది. ఆ సంగతి అతనికి తెలుసు. వెనకాల చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్న మల్లవ్వకు తెలిసినట్టు లేదు. సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా కారులో ఆమె నోరు మూత పడలేదు. అడగనివన్నీ చెప్పింది. అడిగింది ఒక్కటీ చెప్పలేదు.

"అక్కా, లోపట నువ్వు మాట్లాడకు."

"నేనేం మాట్లాడుత తమ్మీ. నాకేం ఎర్క."

జరిగింది ఇంతే. మల్లవ్వ కొడుకు ప్రేమ్‌కుమార్‌కు ముప్పై నాలుగేళ్ళు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ముప్పయ్యో తారీఖు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఆరూ ఇరవైకి జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో గుండె ఆగి పోయాడు. శవాన్ని సిరిసిల్లకు తెచ్చారు. ఆఖరి స్నానం అప్పుడు మొలతాడు తెంపాలి కదా, తెంపారు. తాడు కింద, కుడి పక్క నడుము మీద, అంగీ గుండీ అంత నల్ల మచ్చ. చుట్టూ ఎర్రటి వలయం. ఎవరో "బీడీ చురక" అన్నారు. ప్రేమ్‌కుమార్ పెళ్ళాం రజిత ఆరు నెలలుగా కోరుట్లలో పుట్టింట్లో ఉండి బీడీలు చేస్తోంది. ఇక చూసుకోవాల్సిందేముంది, పాడె లేవలేదు. పోలీసులు వచ్చారు. ఒక కాగితం రాసి మల్లవ్వ వేలిముద్ర వేయించుకున్నారు. శవానికి పంచనామా అయింది, పోస్టుమార్టం అయింది. నిన్న దసరా నాడు సాయంత్రం నాలుగున్నరకు రజితను అరెస్టు చేశారు.

ఈ పొద్దు తెల్లవారేసరికి మల్లవ్వ బాలకిషన్ గడపలో కూర్చుని ఉంది. "నా కోడలు సంపిందని నేనన్లే తమ్మీ. జెర సంగతేందో అరుసుకోండ్రి అన్న. గాళ్ళేం రాసుకున్నరో నాకేమెర్క."

బాలకిషన్ ముప్పై ఏళ్ళు పోలీసు శాఖలో వేలిముద్రలు చూసి రిటైరై, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా నడుపుకొస్తున్నాడు. వేలిముద్ర నాదే కానీ మాట నాది కాదు అన్న మనిషిని చూడడం ఇదే మొదలు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జితేందర్ గదిలో ఉక్కపోత. ఫ్యాన్ తిరగడం లేదు. జితేందర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద చాయ్ గ్లాసు, దాని పక్కన సగం ఖాళీ అయిన జ్వరం గోలీల పట్టీ.

"రాండ్రి డిటెక్టివ్ సాబ్. పింఛన్ సాలుతలేదా?"

"సాలుతది. పొద్దు వోతలేదు. ఫ్యానేమైంది?"

"సలి వెడ్తుంది. బతుకమ్మ బందోబస్తు, దసరా బందోబస్తు, నిద్రల్లేవు. ఏం గావాలె?"

"మొలతాడు."

"ఏ మొలతాడు?"

"మచ్చ దాని కింద ఉండె. తాడు కాలిందా లేదా సూడాలె."

జితేందర్ పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ గోడ వైపు చూశాడు.

"శవంతోని అచ్చిన సామానుల లేదు."

"అడిగిండ్రా?"

"కేసు నడిపేది నేను. ఇనుండ్రి, సక్కగ జెప్త. ఈసీజీల గుండె నిమిషానికి ముప్పై ఎనిమిది సార్లే కొట్టుకున్నది. విషం తిన్నట్టు అనుమానం అని డ్యూటీ డాక్టరే రాసిండు. పచ్చ గన్నేరు పప్పు తింటె గుండె గట్లనే మందగిస్తది. గీ రజిత పుట్టింటెనక గన్నేరు చెట్టున్నది. ఆలుమొగలు నాలుగొద్దులు కొట్లాడుడు వాడకట్టంత ఇన్నది. ఇగ పెయ్యి మీద బీడీ చురక. ఇంకేం గావాలె మీకు?"

"జ్వరం."

"ఏం జ్వరం?"

"తొమ్మిదొద్దుల జ్వరం ఉండెనట. గన్నేరు తింటె జ్వరమస్తదా?"

"జ్వరం అందరికస్తది. నాకూ ఉన్నది. నేను సచ్చిన్నా?"

ఈ మనిషికి ఎస్సైగా కొత్తలో వేలిముద్ర ఎత్తడం నేర్పింది బాలకిషనే. అప్పుడూ ఇంతే. పౌడరు చల్లకముందే దొంగ పేరు చెప్పేవాడు.

రజితతో మాట్లాడడానికి పది నిమిషాలు ఇచ్చారు. బెంచీ మీద కూర్చుని ఉంది. బీడీలు చుట్టి చుట్టి చూపుడువేలు కొస అరిగిపోయింది. అత్తను చూసి లేచి నిలబడింది. మల్లవ్వ తల తిప్పుకుంది.

"నీ పెనిమిటి నీ ఇంటికి ఎన్నడచ్చిండు?" అడిగాడు బాలకిషన్.

"ఇరవై రెండు తారీఖు. పొద్దుమూకే యాళ్లకు. అప్పటికే పెయ్యి కాలుతుంది."

"ఏడికెళ్ళి అచ్చిండు?"

"సిరిసిల్లకెళ్ళి."

"సిరిసిల్లల ఏడున్నడే?" అంది మల్లవ్వ. "ఐదు తారీఖునాడే నీ తానికని బస్సెక్కిండు."

"నా తానికి రాలే అత్తా."

"నాకు ఫోన్ల కోడలి తాన్నే ఉన్న అన్నడు."

"నాకు సాంచా కాడున్న అన్నడు."

బాలకిషన్ కళ్ళు మూసుకున్నాడు. ఐదు నుంచి ఇరవై రెండు, పదిహేడు రోజులు. మనిషి ఎక్కడున్నాడో తల్లికీ తెలియదు, పెళ్ళానికీ తెలియదు. చచ్చిన మూడు రోజులకు ఠాణాలో బెంచీ దగ్గర ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"అంగి పిండుతుంటె జేబుల బస్సు టికెటు దొరికింది సారు," అంది రజిత. "రాయికల్ రోడ్డుది. ఆడెవలున్నరు నీకు అని నాలుగొద్దులు కొట్లాడిన. గదే వాడకట్టు ఇన్నది. జ్వరం మీదున్నోనితోని కొట్లాడిన."

"అంగి ఎట్లుండె?"

"నల్ల మరకలు. ఎంత రుద్దినా పోలే. లుంగీకి గడ్డి ముండ్లు. చేతులకు బొబ్బలు."

"నడుం మీద మచ్చ నువ్వు సూసినవా?"

"మొలతాడు జరిపి ఎవలు సూస్తరు సారు? ఆయన గూడ చెప్పలే. నొస్తే చెప్తుండె."

"ఆఖరు పొద్దు?"

"నడిజాముల చేతులు సల్లవడ్డయి. పెయ్యేమో కుంపటి, చేతులేమో సల్లగ. దమ్మాడుతలేదన్నడు. తెల్లారనీ పోదాం అన్న. ఐదింటికి ఆటో దొరికింది." మళ్ళీ అంది. "తెల్లారనీ అన్న."

టికెట్ జితేందర్ ఫైల్లో ఉంది. చూపించాడు కానీ చేతికివ్వలేదు.

"ఆడ ఎవతో ఉన్నది. గదే కారణం. దొరుకుతది."

"వెతికిండ్రా?"

"దసరా సెలవులు అయినంక."

రాయికల్‌కు రెండు స్టేజీల ముందు, ఇరవై రెండో తారీఖు, నాలుగూ పది. బాలకిషన్ చేతి మీద రాసుకుని బయటికి వచ్చాడు.

కారు ఊరు దాటింది. వెనక సీట్లోంచి మల్లవ్వ అడిగింది.

"తమ్మీ, గా మొలతాడెందుకు?"

"ఎందుకైతే ఏంది అక్కా. లేదు గద."

"ఉన్నది."

బాలకిషన్ కారు పక్కకు ఆపాడు. మల్లవ్వ కొంగు ముడి విప్పింది. అందులో నల్ల మొలతాడు చుట్ట చుట్టి ఉంది.

"ఠాణాల జెప్పద్దా?"

"నువ్వే గద మాట్లాడకన్నవ్."

ఏదన్నా అంటే ఇంకో అరగంట పోతుంది. తాడును కిటికీ వెలుతురులో పెట్టి అంగుళం అంగుళం చూశాడు. నల్ల నూలు తాడు. ఒకచోట గుండీ అంత మేర ఎండిన రసి మరక. పోగు ఒక్కటీ చెదరలేదు. తెగిన కొస నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల గీశాడు. సర్రున అంటుకుని చిటికెడు బూడిద అయింది.

"బీడీ పెడితె తాడు మిగులుతుందా అక్కా?"

"ఎట్ల మిగులుతది. నూలు."

"అరవై కిలోమీటర్లు కారుల కూసోని గీ ముక్క ఇప్పుడు జెప్తున్నవ్."

"ఇప్పుడడిగినవ్."

పన్నెండూ నలభైకి జగిత్యాల. ప్రేమ్‌కుమార్ పోయిన ఆసుపత్రిలోనే గుండె డాక్టరు భాగ్యశ్రీ గది. సిరిసిల్ల బంధువు సెల్‌ఫోన్లో తీసిన మచ్చ ఫొటోను బాలకిషన్ ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని పెద్దది చేసి చూసింది. కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ చూసింది.

"ఇది ఎక్కడుండె?"

"మొలతాడు కింద."

"మేము తాడు జరపలేదు," అంది ఆమె. మనిషి తెల్లబోయింది. "ఆరు గంటలకు తెచ్చిండ్రు. ఇరవై నిమిషాలు. ఛాతీ చూసినం, ఈసీజీ తీసినం. తాడు కింద చూడాలని ఎవరికీ తట్టలేదు."

"బీడీ చురకనా?"

"చురకైతే బొబ్బ లేస్తది, మనిషి మొత్తుకుంటడు. ఇది నొప్పి పెట్టదు. స్క్రబ్ టైఫస్ అంటరు దీన్ని. గడ్డిల, పొదలల్ల ఎలుకలు తిరిగే చోట కంటికి ఆనని పురుగు పిల్ల ఉంటది. కుట్టినా తెల్వదు. నడుముకు తాడో బెల్టో బిగుతుగా ఉన్నచోటే వెతుక్కుని పట్టుకుంటది. కుట్టిన చోట ఇట్ల నల్ల పెచ్చు కడ్తది. దాని నుంచి బాక్టీరియా రక్తంలకు పోతది. పది రోజులు అటూ ఇటుగా జ్వరం మొదలైతది. మొదట్లో పట్టుకుంటే మామూలు గోలీలతోనే తగ్గుతది."

"పట్టుకోకుంటె?"

"రెండో వారంల గుండె కండరం వాస్తది. ఒళ్ళు కాలే మనిషికి గుండె ఉరకాలె. ఇతనిది ముప్పై ఎనిమిది దగ్గర నడిచింది. గన్నేరు తిన్నోళ్ళకూ అట్లనే మందగిస్తది. అందుకే డ్యూటీ డాక్టరు విషం అనుకున్నడు."

"నాలుగున్నర లోపల కాగితం మీద రాసిస్తరా?"

"ఫొటో చూసి రాస్తే కోర్టుల నిలుస్తదా? అతని రక్తం ఫ్రిజ్‌ల ఉంది. టెస్టు చేసేటామె దసరాకు పోయింది. రేపు పొద్దున అస్తది." తర్వాత వేలు చూపించి చెప్పింది. "ఒక్కటి మాత్రం ఇప్పుడే చెయ్యండి. అతను ఏ గడ్డిల తిరిగిండో, అదే గడ్డిల కూసున్నోళ్ళు ఎవరికన్నా జ్వరం ఉంటే నాకు పంపండి. వారం దాటితే ఒక్క పూట కూడా ఆగొద్దు."

రెండూ ఐదుకు టికెట్‌లో ఉన్న స్టేజీ దగ్గర కారు ఆగింది. అక్కడ ఊరు లేదు. ఒక ఇనుప గేటు, దాని మీద మదన్ మోహన్ రావు అని పేరు, వెనక మామిడితోట. రుద్దినా పోని నల్ల మరకలంటే మామిడి సొన. కొమ్మలు కొట్టేవాళ్ళకు అంటుతుంది. గేటు సగం తెరిచిన కావలివాడి పేరు గణేశ్.

"ప్రేమ్‌కుమార్ ఇక్కడ పని చేసిండా?"

"గా పేరుతోని ఎవలు లేరు సారు."

"సిరిసిల్ల మనిషి."

"సిరిసిల్లోళ్ళు గడ్డి కోస్తరా సారు?"

"గడ్డి కోసిండని నేనన్లే గద."

బాలకిషన్ అతన్ని పక్కకు నెట్టి లోపలికి నడిచాడు. గుడిసె ముందు నులక మంచం ఉంది. నులక రెండు చోట్ల తెగితే మళ్ళీ ముడేసి అతికారు. బాలకిషన్ వంగి ఆ ముడి మీద బొటనవేలు పెట్టాడు. చిన్నగా, చదునుగా, తోకలు లేకుండా ఉంది. సాంచా మీద పోగు తెగితే అతికే ముడి. నేతవాళ్ళ ఇళ్ళలో పిల్లలకు అక్షరాల కంటే ముందు వచ్చేది ఇదే. బాలకిషన్ ఇంట్లోనూ అంతే.

"గిది ఎవలేసిండ్రు?"

"నేనే సారు."

"మల్లొకటెయ్యి. నా ముందట."

గణేశ్ నులక ముక్క తీసుకుని తిప్పలు పడ్డాడు. నిమ్మకాయంత ముడి వచ్చింది. మల్లవ్వ ఆ ముక్క అతని చేతిలోంచి లాక్కుంది. చూడకుండానే రెండు వేళ్ళతో ముడేసింది. మంచం మీది ముడి పక్కన పెట్టింది. రెండూ ఒకే అచ్చు.

"నేనే నేర్పిన," అంది. తర్వాత ఆ మంచం మీదే కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

గణేశ్ తల వంచుకున్నాడు. "దొర చెప్పద్దన్నడు సారు. తోటల పని చేసి సచ్చిండంటె పేరు వోతదన్నడు."

"ఇంకేమేం చెప్పద్దన్నడో అన్నీ జెప్పు. తొందరగ."

"ఐదు తారీఖుకచ్చిండు. సాంచాలు బంద్ వెట్టిండ్రట. గడ్డి కోసుడు, కొమ్మలు కొట్టుడు. మావోళ్ళకు ఎర్కైతె నామోషీ అన్నడు. గీ మంచం మీద కూసోనే అవ్వకు ఒగ తీరు, పెండ్లానికి ఒగ తీరు ఫోన్లు జేసెటోడు. నవ్వుకునేటోళ్ళం."

"పంటుండె ఏడ?"

"ఎండపూట కోసిన గడ్డి కుప్పల మీదనే నడుం వాల్చెటోడు."

"ఎలుకలు?"

"తోట నిండ అవే సారు."

"గా గడ్డి మీద ఇంకెవలు పన్నరు?"

"కూలోళ్ళు పండరు, ఇంటికి పోతరు. గాయన ఒక్కడే." గణేశ్ గేటు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇగ దావత్ నాడు సార్లు."

"ఏ దావత్?"

"పద్నాలుగు తారీఖు, ఐతారం. దొర దోస్తులు. గడ్డి మీదనే కూసోని పైసలు వెట్టి పత్తాలాడిండ్రు. ఒక సారైతె పొద్దుమూకేదాక ఆడనే పన్నడు."

"ఎవలా సారు?"

"పేరు చెప్ప. జీపుల అచ్చిండు."

బాలకిషన్ వేళ్ళ మీద లెక్క వేశాడు. పద్నాలుగుకు పది కలిపితే ఇరవై నాలుగు. ఈ రోజు మూడో తారీఖు. జ్వరానికి వారం దాటి రెండు రోజులు. తిరగని ఫ్యాన్ కళ్ళ ముందు కదిలింది. సగం ఖాళీ అయిన గోలీల పట్టీ కూడా.

"అక్కా, లెవ్వు. కారెక్కు."

జితేందర్‌కు ఫోన్ చేశాడు. అతను కట్ చేశాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్. మూడోసారి ఎత్తి, "బిజీగున్న డిటెక్టివ్ సాబ్," అని, ఇటు మాట వినకుండానే పెట్టేశాడు. చావు కబురు చెబుదామన్నా చెవి ఇవ్వని మనిషి. బాలకిషన్ ఫోన్‌ను సీటు మీదకు విసిరాడు. భాగ్యశ్రీకి మాత్రం చెప్పాడు. దారిలో లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడింది. పదకొండు నిమిషాలు పోయాయి.

నాలుగు గంటలకు ఠాణా. బయట జీపు ఇంజను ఆన్‌లో ఉంది. గుమ్మం దగ్గర మహిళా కానిస్టేబుల్ పక్కన రజిత నిలబడి ఉంది. జితేందర్ రిమాండు కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు.

బాలకిషన్ మొలతాడును ఆ కాగితం మీద పెట్టాడు.

"మచ్చ దీని కింద ఉండె. మరక సూడుండ్రి. పోగు కాలలే."

"తాడు జరిపి కాల్సింది."

"పదిహేడొద్దులు ఏ ఆడిదాని తాన లేడు. మామిడితోటల గడ్డి కోసిండు. గడ్డి పురుగు కుట్టింది. గుండె వాసి పోయిండు. రక్తం టెస్టు రేపు పొద్దుగాల అస్తది."

"రేపస్తె రేపు కోర్టుల జెప్పుకోండ్రి. నా టైం నాలుగున్నర." జితేందర్ తాడును పెన్నుతో పక్కకు నెట్టాడు. "ఏ తోట?"

"మదన్ మోహన్ రావు తోట."

పెన్ను ఆగింది. ఒక్క క్షణమే. జితేందర్ లేచాడు. లేచి బల్ల అంచు పట్టుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఎన్నొద్దులాయె జ్వరం?" అడిగాడు బాలకిషన్.

"మీకెందుకు?"

"పద్నాలుగు తారీఖు గా గడ్డిలనే పన్నవ్. ఇరవై నాలుగుకో ఐదుకో మొదలైంది. గోలీ ఏసుకుంటె దిగుతది, మల్ల వస్తది. నిన్న సంది మెట్లెక్కితె దమ్ము వస్తుంది. తప్పైతె జెప్పు." ఇరవై ఏళ్ళ కిందటి 'నువ్వు' తెలియకుండానే నోటికి వచ్చింది.

జితేందర్ గోలీల పట్టీని ఫైలు కిందికి తోశాడు.

"బెల్టు తియ్యి."

"నా ఠాణాల నన్ను బెల్టు తియ్యమంటవా?"

"నాకు సూపియ్యకు. నువ్వే సూసుకో."

జితేందర్ కోపంగానే అంగీ పైకి లాగాడు. అది కూడా తప్పని చూపించి ఇతన్ని బయటికి పంపుదామన్నట్టు బెల్టు వదులు చేశాడు. ఎడమ నడుము మీద, బెల్టు ఒత్తిడి గీతలోనే, అంగీ గుండీ అంత నల్ల పెచ్చు. చుట్టూ ఎర్రటి వలయం. అతను దాన్ని వేలితో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"నొస్తలేదు," అన్నాడు మెల్లగా.

"మీ ఇంట్ల బీడీలు ఎవలు చేస్తరు సార్?"

తోట నుంచి ఈ మాటను పట్టుకునే వచ్చాడు బాలకిషన్. అన్నాక ఏ రుచీ లేదు. జితేందర్ చెయ్యి అందుకుని, నాడి పట్టి గడియారం చూశాడు. అర నిమిషానికి పంతొమ్మిది. పంతొమ్మిదోదానికి ముందు ఒకటి రావాల్సింది, రాలేదు. మోచేయి దగ్గర కాలుతోంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"డాక్టరమ్మ సూస్తుంది. పోదాం."

"ఇప్పుడా? గీ పని అయినంక. పొద్దుగాల పోత."

గుమ్మం దగ్గర నుంచి రజిత రెండడుగులు లోపలికి వచ్చింది. మహిళా కానిస్టేబుల్ ఆపలేదు. రజిత ఆ మచ్చను చూసింది. జితేందర్ వేళ్ళను చూసింది.

"సారు, గట్లనకుండ్రి," అంది. "ఆయనకు గూడ చేతులే ముందుగాల సల్లవడ్డయి. నేను తెల్లారనీ అన్న."

బయట జీపు హారన్ కొట్టింది. డ్రైవరు తల లోపలికి పెట్టాడు.

"కోర్టుకేనా సార్?"

జితేందర్ చేతి కింద కాగితం ఉంది. దాన్ని బోర్లా తిప్పాడు.

"ఆసుపత్రికి," అన్నాడు. ఆ ఒక్క మాటకు రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.